లిస్టులో లేని పైపు: మిహామా, 2004

ఈ ఎపిసోడ్ వినే టైం దొరకనివాళ్ల కోసం అందులో చెప్పిన సంగతే ఇక్కడ రాసి పెడుతున్నా. గల్ఫ్‌లో షట్‌డౌన్ పనులకు వెళ్లి, పైపుల మందం కొలిచేవాడిని నేను. అందుకే ఈ కథ నాకు మరీ దగ్గరిది.

2004 ఆగస్టు 9. జపాన్‌లోని మిహామా అణు విద్యుత్ కేంద్రం, మూడో యూనిట్. షట్‌డౌన్ 14న మొదలవ్వాలి. ప్లాంటు ఇంకా నడుస్తూనే ఉంది, అయినా కాంట్రాక్టు పనివాళ్లు ఏర్పాట్ల కోసం టర్బైన్ బిల్డింగులోకి వెళ్లారు. అప్పుడే కండెన్సేట్ పైపు చీలింది. దాదాపు 140 డిగ్రీల నీళ్లు ఆవిరై కమ్మేశాయి. ఐదుగురు చనిపోయారు, ఆరుగురు గాయపడ్డారు. రేడియేషన్ ఏమీ బయటికి రాలేదు. మామూలు పవర్ ప్లాంట్లలోనూ ఉండే లైనే అది.

ఆ పైపు గోడ మొదట్లో 10 మిల్లీమీటర్లు. కనీసం 4.7 ఉండాలి. చీలిన చోట 1.4కి, కొంత భాగంలో అంతకన్నా తక్కువకు అరిగిపోయింది.

ఎలా అరిగింది? వేడినీళ్లలో ఉక్కు లోపలి వైపు మాగ్నటైట్ అనే నల్లటి పొర కడుతుంది. ఉక్కును కాపాడేది అదే. నీళ్లు వడిగా సుడి తిరిగే చోట, అంటే బెండు దగ్గరో, ఆరిఫిస్ దాటాకో, ఆ పొర కరిగిపోతుంటుంది. కింద ఉక్కు మళ్లీ పొర కడుతుంది, అదీ కరుగుతుంది. ఆక్సిజన్ ఉంటే ట్యూబులకు గుంటలు పడతాయని నీళ్లలోంచి తీసేస్తాం. కానీ ఆక్సిజన్ మరీ లేకపోతే ఈ అరుగుదల పెరుగుతుంది. బయటికి తుప్పు కనపడదు. ఉక్కులో కొంచెం క్రోమియం ఉంటే చాలావరకు ఆగుతుంది.

ఇది ఎవరికీ తెలియని జబ్బేం కాదు. 1986 డిసెంబరు 9న అమెరికాలో, వర్జీనియాలోని సర్రీ ప్లాంటులో ఇలాగే ఫీడ్‌వాటర్ బెండు పగిలి నలుగురు పనివాళ్లు చనిపోయారు. అయినా మిహామాలో 1976 నుంచి ఆ చోటును ఒక్కసారీ కొలవలేదు. చెక్ చేసే లిస్టులో అది లేదు. ఆ సంగతి బయటపడ్డాక, ఈ షట్‌డౌన్‌లో కొలుద్దామనుకున్నారు. ఐదు రోజులు ముందే పగిలింది.

గల్ఫ్‌లో గ్యాస్ టర్బైన్ల వెనకుండే బాయిలర్లలో, తక్కువ ప్రెషర్ ట్యూబుల బెండ్లకూ ఇదే జబ్బు వస్తుంది. కాబట్టి గేజ్ పట్టుకునే తమ్ముళ్లూ, లిస్టులో ఉన్నవి కొలిచి ఊరుకోకండి. డ్రాయింగు తీసి, ఆరిఫిస్‌లూ బెండ్లూ అన్నీ లిస్టులో ఉన్నాయో లేదో చూడండి. లేనివి రాతపూర్వకంగా ఇంజినీరుకు ఇవ్వండి. నడుస్తున్న ప్లాంటులోకి ముందుగా పంపుతుంటే, ఆ దారిలో ఏ లైన్లు ఉన్నాయో అడగండి. అడగడం మన హక్కే.