మతాబుల వాసన

మే నెల మధ్యాహ్నం. రాజమండ్రిలో ఒక సందు, అందులో పెంకుటిల్లు, ముందుగదిలో కిటికీ పక్కన బల్ల మీద చిన్న లేత్. ఫ్యాను ఆపేశారు. తిరిగితే రజనంతా కళ్లలోకే.

చక్‌లో ఎబొనైట్ కడ్డీ గిర్రున తిరుగుతోంది. ఉలి ఆనించానో లేదో, దీపావళి మర్నాటి వీధి వాసన గుప్పుమంది. రబ్బరులో గంధకం దండిగా కలిపి గంటల తరబడి వేడి మీద ఉంచితే గట్టిపడేదే ఎబొనైట్. కోసిన ప్రతిసారీ ఆ గంధకం తన సంగతి చెప్పుకుంటుంది.

"చూడకు బాబూ, విను," అంటారు నాకు పెన్నులు చెయ్యడం నేర్పే మాస్టారు.

ఉలి పదునుగా ఉంటే సర్రుమని ఒకే శ్రుతి, నల్లటి తీగలు చుట్టలు చుట్టుకుని ఒళ్లో పడతాయి. మొద్దుబారిందా, కీచుమంటుంది, తీగ కాస్తా పొడి అవుతుంది. నాకు కీచే వినిపించింది.

"ఆయ్," అని ఉలి తీసి సానరాయి అందుకున్నాను.

తరవాత లోపల తొలవడం. డ్రిల్లుని మధ్యమధ్య వెనక్కి లాగి రజను దులపాలి, లేకపోతే వేడెక్కి పట్టేస్తుంది. ఆపైన మరలు. అరచుట్టు ముందుకి, పావుచుట్టు వెనక్కి. ఈ పెన్నులో రబ్బరు గొట్టం లేదు, సిరా నేరుగా పొట్టలోనే ఉంటుంది. దానికీ చొక్కా జేబుకీ మధ్య అడ్డు ఈ మరలే.

ఈ ఊళ్లో కోసూరి వెంకటరత్నం చేసిన పెన్ను 1935లో గ్రామ పరిశ్రమల సంఘం కుమారప్ప ద్వారా గాంధీగారికి చేరింది. మెచ్చుకుంటూ ఆయన ఉత్తరం కూడా రాశారు. ఆ కథ మాస్టారు ఎత్తరు. ఆయన చూపంతా నా మరల మీదే.

ఉప్పుకాగితంతో నునుపు పెట్టడం అయింది. ఇక పాళీ, దాని కింద నాలుక. నన్నడిగితే పెన్నంటే ఆ నాలుకే. దాని గాడిలోంచి సిరా ఎంత దిగితే అంత గాలి పైకెక్కాలి. పాళీకీ నాలుకకీ మధ్య సందుంటే రాత తెగిపోతుంది. అందుకే నాలుకని వేడినీళ్లలో ముంచి, మెత్తబడగానే పాళీకి అదిమి పట్టాలి. బొటనవేళ్లు చురచురమంటున్నాయి. వదలకూడదట.

డ్రాపరుతో అంచు దాకా సిరా పోశాను.

"పావు వంతుకి దిగనియ్యకు. చేతి వేడికి లోపలి గాలి ఉబ్బి సిరాని తోసేస్తుంది."

ఎనిమిదో తరగతిలో నా లెక్కల పుస్తకం మీద పడ్డ మరక ఇదన్నమాట! ఇన్నేళ్లూ పక్కబెంచీ వాణ్ణి తిట్టుకున్నాను.

పెన్నుకి తెల్ల కాగితం చుట్టి, పాళీ కిందికి ఉండేలా గ్లాసులో నిలబెట్టాం. పది నిమిషాలు. కాగితం విప్పితే మర అంచున ఆవగింజంత నీలం.

"కాస్త గ్రీజు రాస్తే ఆగుతుంది కదా, మాస్టారూ?"

"ఆగుతుంది," అన్నారు, రంపం నా వైపు జరుపుతూ. "ఇంకో కడ్డీ కొయ్యి."