కోల నుంచి కర్ర దాకా

మధురానగర్‌లో మా వీధి స్త్రీలు బతుకమ్మనాడు కోలాటం వేస్తుంటే నాకు యేటా వొకే ప్రశ్న తోస్తుంది. స్త్రీ చేతికి కోల యివ్వటానికి మన సమాజం వెనుకాడలేదు. ఆ చేతితోనే కర్ర పట్టి, ఆరుబయట పరుగెత్తి, గెలవటానికి మాత్రం వొప్పుకోలేదు. చిన్నతనాన చిర్రగోనె ఆడినందుకు తిన్న చీవాట్లు నాకింకా గుర్తే. యిది వొక్క యింటి ఛాందసం కాదు. స్త్రీ శ్రమను వాడుకొని, ఆమె తీరికను గడపలోపల కట్టివేసిన వ్యవస్థ లక్షణం.

బ్రిటిష్ పాలనలోని ఐర్లండ్‌లో జాతీయ క్రీడల పునరుద్ధరణకు 1884లో వొక సంఘం వెలిసింది. కర్రతో బంతిని కొట్టే హర్లింగ్ ఆ ఉద్యమానికి పతాకమయింది. అది పురుషుల ఆట. ఇరవయ్యేళ్ళకు, 1904లో, డబ్లిన్‌లోని గేలిక్ లీగ్ స్త్రీలు తమకంటూ కెమోగీ అనే ఆటను రూపొందించుకున్నారు. కర్రను పొట్టిచేశారు, మైదానాన్ని కుదించారు. ఆ జూలైలోనే నావన్‌లో తొలి బహిరంగ పోటీ జరిగింది.

అయితే జాతి విముక్తి దానంతటదే స్త్రీ విముక్తి కాదు. జట్టుకు పన్నెండుగురికి బదులు, పురుషులకు మల్లే పదిహేనుగురు ఆడటానికి 1999 దాకా పట్టింది. 2025 మేలో డబ్లిన్, కిల్‌కెన్నీ జట్లు నిక్కర్లతో దిగితే, అవి మార్చుకుంటేనే ఆట సాగుతుందన్నారు. పావడాగాని, పావడా వేషం వేసిన నిక్కరుగాని తొడగాలన్న ఆ నియమం స్త్రీల సంఘానిదే! ఆటగత్తెలు తిరగబడ్డారు. ఆ నెలలోనే సంఘం ప్రత్యేక సమావేశం జరిపి, నూటికి 98 వోట్లతో నిక్కరు తొడిగే హక్కు వొప్పుకున్నది.

మనకు కెమోగీ లేదు, హాకీ వున్నది. స్త్రీల హాకీ ఒలింపిక్స్‌లో ప్రవేశించిందే 1980లో, మాస్కోలో. మనవాళ్ళు నాలుగో స్థానం పొందారు. మళ్ళీ ఒలింపిక్స్‌లో అడుగుపెట్టటానికి 36 యేళ్ళు పట్టింది. నాటి చిత్తూరు జిల్లా పల్లెలోని వడ్రంగి బిడ్డ యెతిమర్పు రజని భారత జట్టుకు గోల్‌కీపరయింది. 2024 జనవరిలో మస్కట్‌లో జరిగిన ఐదుగురి హాకీ ప్రపంచకప్పులో ఆమె నాయకత్వాన మన జట్టు ఫైనల్ చేరి, నెదర్లాండ్స్‌తో 7-2 తేడాతో వోడి, రజతం తెచ్చింది.

వొక్క రజనిని చూపి తృప్తిపడటం ఆత్మవంచన. ఐరిష్ స్త్రీలకు ప్రతిభతోపాటు సంఘం వున్నది. నియమం తప్పయితే మార్చుకునే వోటు వున్నది. మా కళాశాల మైదానంలో సాయంత్రంపూట ఆడేవాళ్ళంతా కుర్రాళ్ళే. అమ్మాయిలు గోడవారగా బస్సుకు నడిచిపోతారు. అధ్యాపకులారా, మీ మైదానంలో యెవరు ఆడుతున్నారో రేపు వొకసారి లెక్కపెట్టండి. ఆ లెక్కతోనే మన పని మొదలుకావాలి.