నవ్వు ఎవరి మీద? ‘కేరాఫ్ కంచరపాలెం’పై భిన్నాభిప్రాయాల పరిశీలన

2018 సెప్టెంబరు 7న విడుదలైన ‘కేరాఫ్ కంచరపాలెం’ దర్శకుడు వెంకటేశ్ మహాకు తొలి చిత్రం. అందులో పేరున్న తార ఒక్కరూ లేరు. అమెరికాలో గుండె వైద్యురాలైన ప్రవీణ పరుచూరి దీన్ని నిర్మించి, సలీమా పాత్ర కూడా తానే పోషించారు. విశాఖపట్నంలోని కంచరపాలెంలోనే చిత్రీకరించారు. అంతకుముందు కెమెరా ముఖం చూడని స్థానికులు ఎనభై మందికి పైగా తెరమీద కనిపిస్తారు. ఇంత చిన్న సినిమాకు అంత మెప్పు దక్కడం ఒక విశేషమైతే, మెచ్చుకున్నవాళ్లలోనే ఏకాభిప్రాయం లేకపోవడం మరో విశేషం. ‘అచ్చమైన జీవితం’ అన్నవాళ్లూ, ‘చివర్లో మోసం చేశాడు’ అన్నవాళ్లూ, ‘నవ్వించి ఏడిపించే పాత సూత్రమే’ అని పెదవి విరిచినవాళ్లూ ఉన్నారు. ఈ విభేదాలన్నీ పైకి వాస్తవికత గురించిన తగాదాలా కనిపిస్తాయి. అసలు తేలవలసింది ఈ సినిమాలో హాస్యం ఏం పని చేస్తోందన్నదే అని ఈ వ్యాసం వాదిస్తుంది.

ముందుగా ‘స్వతంత్ర చిత్రం’ అన్న ముద్ర సంగతి. తీసింది పరిశ్రమ బయటి డబ్బుతో. 2018లో న్యూయార్క్ భారతీయ చలనచిత్రోత్సవంలో ప్రదర్శితమైంది. జనంలోకి తెచ్చింది మాత్రం సురేష్ ప్రొడక్షన్స్. సమర్పకుడు రానా దగ్గుబాటి. పెద్ద సంస్థ చేయి పడ్డాక ఇంకా స్వతంత్రమేమిటని కొందరి ఆక్షేపణ. థియేటర్లు కొద్దిమంది చేతుల్లో ఉన్న తెలుగునాట ఆ చేయి లేకుంటే సినిమా డబ్బాలోనే ఉండిపోయేది. కథ, నటులు, స్థలం, ముగింపు బయటివాళ్లు నిర్ణయించలేదు గనుక స్వతంత్రమనడానికి నాకు అభ్యంతరం లేదు.

‘స్థానికులే నటులు’ అన్న ప్రచారాన్ని మాత్రం కాస్త తగ్గించుకోవాలి. ఊరివాళ్లను నటింపజేయడం తెలుగుకు కొత్త కాదు. 1980లో వచ్చిన ‘మా భూమి’లో గౌతమ్ ఘోష్ ఆ పని చేశాడు. పైగా ఇక్కడ జోసెఫ్‌గా కార్తీక్ రత్నం, గడ్డంగా మోహన్ భగత్ చేసినది నటన తెలిసినవాళ్ల పనే. అందుకే ‘నటించలేదు, జీవించారు’ అనే అరిగిపోయిన మెప్పుదల ఈ సినిమాకు న్యాయం చేయదు. యాస విషయంలో జరిగిన మార్పు అంతకన్నా ముఖ్యం. తెలుగు సినిమాలో ఉత్తరాంధ్ర యాస చాలాకాలం నౌకరుకో, అమాయకుడికో, హాస్యగాడికో పరిమితమైంది, యాసే జోకు. ఇక్కడ ప్రేమించేవాడూ, బెదిరించేవాడూ, ఓదార్చేవాడూ అదే యాసలో మాట్లాడతారు. అందరిదీ అదే అయినప్పుడు నవ్వు యాసను వదిలి మాటలోకి వస్తుంది.

ఇక వివాదానికి మూలమైన నిర్మాణం. (సినిమా చూడనివారు ఇక్కడ ఆగి, చూసి రావడం మంచిది.) నాలుగు ప్రేమకథలు ఒకదాని పక్కన ఒకటి నడుస్తాయి. బడి పిల్లవాడు సుందరం, సునీత. దెబ్బలాటల్లో తిరిగే జోసెఫ్, బ్రాహ్మణ యువతి భార్గవి. వైన్ షాపులో పనిచేసే గడ్డం, ముసుగులోంచి కళ్లు మాత్రమే కనిపించే సలీమా. ప్రభుత్వ కార్యాలయంలో అటెండరు, పెళ్లికాని 49 ఏళ్ల రాజు, ఒడిశా నుంచి వచ్చిన 42 ఏళ్ల అధికారి రాధ. కులం, మతం, వృత్తి, వయసు ఒక్కో జంటకు ఒక్కో అడ్డం. నాలుగూ ఒకే కాలంలో, ఒకే పేటలో జరుగుతున్నాయనుకుంటాం. చివరికి సుందరం, జోసెఫ్, గడ్డం, రాజు ఒక్కడే అని తెలుస్తుంది.

ఇక్కడే ప్రేక్షకులు రెండుగా చీలారు. మొదటి వర్గం దృష్టిలో అంతవరకు ఒక పేట కథగా ఉన్నది ఒక్క క్షణంలో ఒక మనిషి కథగా కుంచించుకుపోయింది. సమాజంలో నలుగురికి జరిగేది ఒక్కడి నెత్తిన పడితే అది సామాజిక సత్యం కాదు, దురదృష్టం. పైగా నలభై ఏళ్ల కాలం గడిచినట్టు వీధులు, దుస్తులు చెప్పవు. అది దాచిపెట్టడమే తప్ప కళ కాదు అంటారు. రెండో వర్గానికి ఆ ముడి విప్పడమే సినిమా ప్రాణం.

కాలం దాచారన్న ఆరోపణను కొంత సవరించాలి. సునీత బడి వేదికమీద పాడే పాట ‘భలే భలే మగాడివోయ్’. అది 1978లో వచ్చిన ‘మరో చరిత్ర’లోది, బాలచందర్ ఆ సినిమా తీసింది కూడా విశాఖలోనే. విడుదలైన 2018నే వర్తమానం అనుకుంటే 49 ఏళ్ల రాజు 1978లో తొమ్మిదేళ్ల పిల్లవాడు. లెక్క సరిపోయింది. పాత పాటలు ఇప్పటికీ బడి వేడుకల్లో వినిపిస్తాయి గనుక మనం ఆ జాడను జాడగా గుర్తించం. చెప్పవలసింది చెబుతూనే చెప్పనట్టుండడం తెలివైన పని. అయితే వీధుల విషయంలో విమర్శకులన్నది నిజమే: పాట కాలం పలికినంతగా గోడలూ బళ్లూ పలకలేదు. తక్కువ డబ్బు ఒక కారణం కావచ్చు, గుట్టు కాపాడుకోవాలన్న పట్టుదల ఇంకో కారణం కావచ్చు.

అసలు సంగతి నవ్వుది. మొదటి సన్నివేశాల్లో రాజు పేటకంతటికీ వేళాకోళం. యాభైకి దగ్గరపడ్డా పెళ్లి చేసుకోలేదేమని ఆరాలు తీస్తారు, మగతనం మీద గుసగుసలాడతారు. ఆ సంభాషణలు నిజంగా హాస్యభరితంగా ఉన్నాయి గనుక మనమూ పేటతో కలిసి నవ్వుతాం. దర్శకుడు మనల్ని ఆ అరుగుల మీదే కూర్చోబెట్టాడు. మిగతా మూడు కథలు చూస్తూ ‘పాపం’ అనుకుంటున్న మనకు, ఆ పాపం అనిపించినవాడూ మనం నవ్విన బ్రహ్మచారీ ఒకడే అని చివర్లో తెలుస్తుంది. అప్పుడు నవ్వు వెనక్కి తిరిగి మన మీద పడుతుంది. ‘చివర్లో మోసం’ అన్నవాళ్లు ఈ లెక్క చూసుకోలేదని నా అభిప్రాయం. ఊరికే ఆశ్చర్యపరచడానికి పెట్టిన మలుపైతే రెండోసారి చూసేసరికి చప్పబడాలి. ఇది రెండోసారి చూసినప్పుడు ఆ తొలి సన్నివేశాలే మారిపోతాయి. అవే మాటలకు నవ్వు రాదు. హాస్యం ఒక పక్క, విషాదం ఒక పక్క పంచిపెట్టిన సినిమాలు మనకు బోలెడు. ఒకే సన్నివేశాన్ని మొదట హాస్యంగానూ, తర్వాత బాధగానూ చూపగలిగినవి అరుదు.

ఈ వాదన నిలుస్తుంది గాని, దాని ఖరీదు ఎవరు చెల్లించారన్న ప్రశ్న మిగులుతుంది. స్త్రీపాత్రల వైపు నుంచి వచ్చిన విమర్శ ఇదే, ఇదే అన్నిటికన్నా బలమైనది. ముడి విప్పగానే సునీత, భార్గవి, సలీమా ముగ్గురూ రాజు ఒంటరితనానికి కారణాలుగా మారిపోతారు. వాళ్ల తర్వాతి జీవితం మనకు అక్కర్లేదు. సునీతను తండ్రి దూరం పంపేస్తాడు. భార్గవి తండ్రి మాటకు తలవంచి మరొకరి పెళ్లిపీటల మీద కూర్చుంటుంది. సలీమాకైతే అదీ దక్కదు. వేశ్యావృత్తిలో ఉన్న ముస్లిం స్త్రీ, సూటిగా మాట్లాడుతుంది, తన బతుకు గురించి సిగ్గుపడదు. అంత బలంగా మలిచిన పాత్రను కథ చంపేస్తుంది. పరువు కోసం ప్రేమను పణంగా పెట్టని స్త్రీని చావుకు అప్పగించడం పాత తెలుగు సినిమా అలవాటే. మిగతా అలవాట్లను తెంచుకున్న ఈ సినిమా దీన్ని తెంచుకోలేకపోయింది. సమాజం అలాగే ఉంది గనుక అలాగే చూపారన్న సమాధానం చాలదు. ఇన్ని సంగతులను నేర్పుగా అమర్చినవాళ్లు ఈ ఒక్కచోట సమాజాన్ని సాకుగా చూపలేరు.

రాధ ఇందుకు మినహాయింపు. ఉద్యోగముంది, ఎదిగిన కూతురుంది, అన్న అడ్డుపడతాడు. కూతురు తల్లి పెళ్లికి మొగ్గు చూపడం, నడివయసు దాటుతున్న ఇద్దరి తడబాటు, పేట మొత్తం ఆ పెళ్లిని తన పనిగా చేసుకోవడం: ఇక్కడ హాస్యం ఎవరినీ కించపరచదు. వెక్కిరించిన నోళ్లే సాయానికి వస్తాయి. ఉత్తరాంధ్ర పేటల్లో పక్కింటివాడి వ్యవహారంలో తలదూర్చడం ఒకేసారి హింసా, ఆసరా కూడా అని ఈ భాగం చెప్పినంత బాగా ఏ సామాజిక వ్యాసమూ చెప్పలేదనిపిస్తుంది.

కనుక కాలం గురించిన ఫిర్యాదు పాక్షికం, మలుపు గురించిన ఫిర్యాదు నిలవదు, సలీమా గురించిన ఫిర్యాదుకు సమాధానం లేదు. 2021లో ‘కేరాఫ్ కాదల్’గా తమిళంలోకి వెళ్లినప్పుడూ నాలుగు కథలను చివర్లో ఒక్కటి చేసే ఆ నిర్మాణాన్నే నమ్ముకున్నారు.

ఈ చర్చలో సమీక్షకుల మాట, నగర ప్రేక్షకుల మాట ఎక్కువ వినిపించింది. తెరమీద కనిపించిన కంచరపాలెం వాసులు, ముఖ్యంగా అక్కడి స్త్రీలు, ఈ సినిమాను ఎలా చూశారన్నది ఈ వ్యాస పరిధికి బయటి పని. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు రంగస్థల కళల విద్యార్థులు, సామాజిక శాస్త్ర పరిశోధకులు ఆ పేటకు వెళ్లి వాళ్ల మాటలు నమోదు చేయాలని మనవి.