తారుమారైన అక్షరములు

కొంతకాలము క్రిందట మా విద్యార్థుల పేర్ల పట్టికను తెలుగులో సిద్ధపరచి యొక కార్యాలయమునకు పంపితిమి. అచ్చటి ఉద్యోగి, ఆదేశములు టైపుచేసి పని చేయించుకొను కంప్యూటరు నల్లతెరపై దానిని తెరవగా, పేర్లకు బదులు గ్రీకు ఆల్ఫాలును, చుక్కలు నిండిన గడులును వరుసగా కానవచ్చెను. "తెలుగు కంప్యూటరునకు పడదు, పేర్లను ఇంగ్లీషు అక్షరములలో పంపుడు" అని ప్రత్యుత్తరము వచ్చెను. ఈ తీర్పు న్యాయమో కాదో తెలియవలెనన్న, కంప్యూటరు లోని అక్షరముల చరిత్ర కొంత ఎరుగవలెను.

కంప్యూటరునకు తెలిసినది సంఖ్య మాత్రమే. ఏ సంఖ్య ఏ అక్షరమో మనుష్యులే పట్టికలు వ్రాసి నిర్ణయించిరి. 1963లో అమెరికాలో ప్రకటింపబడిన ఆస్కీ పట్టికలో స్థానములు 128. ఇంగ్లీషు అక్షరములు, అంకెలు, విరామచిహ్నములు, యంత్రమును నడపు సంకేతములు, వీనితోనే అది నిండిపోయెను. ఒక బైటులో 256 సంఖ్యలు ఇముడును గనుక, మిగిలిన 128 స్థానములను ఎవరికి తోచినట్లు వారు నింపుకొనిరి. 1981లో వచ్చిన ఐబీఎం పీసీ యొక్క 437వ పట్టికలో 224 అనగా గ్రీకు ఆల్ఫా. 1987 నాటి ఐఎస్‌ఓ 8859-1 పట్టికలో అదే 224 తలపై వాలుగీత గల లాటిన్ ఏ. మన దేశమున 1991లో ప్రమాణముగా స్వీకరింపబడిన ఇస్కీలో ఆ పై స్థానములు భారతీయ లిపులకు లభించెను. సంఖ్య యొక్కటే, అర్థములు అనేకములు. ఫైలుతోపాటు దాని పట్టిక పేరు వెళ్లకపోవుటయే కలత కెల్ల మూలము.

1991లోనే వెలువడిన యూనికోడు ప్రతి అక్షరమునకు వేరు సంఖ్య నిచ్చెను. తెలుగునకు 3072 మొదలు 3199 వరకు స్థానము లేర్పడెను. నాడు ఆస్కీ యంతటికి ఉన్నన్ని స్థానములు నేడు మన లిపి యొక్కదానికే కలవు. కాని 'అ'కారపు సంఖ్యయగు 3077 ఒక బైటులో పట్టదు. 1992 సెప్టెంబరులో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అను వారు న్యూజెర్సీలోని యొక భోజనశాలలో, కంచము క్రింద పరచు కాగితముపై దీనికి ఉపాయము వ్రాసిరి. అదియే యూటీఎఫ్-8. ఆస్కీ ఫైళ్లు ఇందులో యథాతథముగా నిలుచును. తెలుగు వర్ణ మొక్కింటికి మూడు బైట్లు పట్టును. 'అ' అనగా 224, 176, 133.

మా పట్టిక రహస్య మిందే యున్నది. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు వర్ణమును 224తో మొదలగును. రెండవది 176 గాని 177 గాని యగును. 437వ పట్టికలో ఇవి ఆల్ఫాయు, చుక్కల గడులును. కావున ఫైలులో దోషము లేదు; చదివిన పట్టిక వేరు. విండోసు నల్లతెరపై "సీహెచ్‌సీపీ 65001" అని ఆదేశించిన యూటీఎఫ్-8 పట్టిక అమలగును. పిమ్మట ఖాళీ గడులు కానవచ్చినచో, కొరత తెలుగు ఫాంటుది, ఫైలుది కాదు.

భయపడవలసిన స్థితి వేరొకటి కలదు. తెలుగు లేని పట్టికలోనికి మార్చి ఫైలును భద్రపరచినప్పుడు, పెక్కు ప్రోగ్రాములు ప్రతి వర్ణమునకు బదులు ప్రశ్నార్థకము వ్రాయును. తారుమారైన అక్షరము మరల దక్కును, ప్రశ్నార్థకమైనది దక్కదు. ఆ కార్యాలయమున నొక ప్రతి కిట్టి గతియే పట్టినది. మూలప్రతి మాయొద్ద నుండుటచే పిల్లల పేర్లు నిలిచినవి.

ఇంగ్లీషు అక్షరములలో పంపియుండిన రమయు, రాముడును ఒకే తీరున కానవచ్చెడివారు. పిల్లవాని పేరును వానికే పరాయిదిగా చేసియుందుము. కనుక చదువరులు మూలప్రతిని మార్చక దాచుకొని, "ఏ పట్టికతో చదువుచున్నారు?" అని మొదట అడుగవలెను. మా యుత్తరములో ఆ యొక్క ప్రశ్ననే వ్రాసితిమి. రెండవ పర్యాయము పేర్లు తెలుగుననే చేరినవి.