అస్పష్ట గీతముల అర్థనిర్ణయము

పద్యమునకు అర్థము చెప్పుట మనవారికి క్రొత్త విద్య కాదు. ఒక్క శ్లోకమునకు పలు వ్యాఖ్యలు వ్రాసిన పండితులు మన దేశమున కలరు. అయినను కవి బ్రదికియుండి కాదు కాదని చెప్పుచుండగనే శ్రోతలు వేరర్థములు కల్పించుటయు, ఆ కల్పన తుదకు ప్రాణహానివరకు పోవుటయు అరుదు. ఇంగ్లండులోని బీటిల్సు గాయకుల పాటల విషయమున అట్టిది జరిగినది.

స్విట్జర్లండులో ఆల్బర్ట్ హాఫ్‌మన్ అను రసాయనశాస్త్రజ్ఞుడు 1938లో తయారుచేసిన ఎల్.ఎస్.డి. మనస్సును తలక్రిందులు చేయునని 1943లో తెలిసినది. 1960 తరువాత ఈ మత్తు పాశ్చాత్య యువజనులలో వ్యాపించి, వారి పాటలకును స్వప్నమువంటి యొక రీతిని తెచ్చెను. బ్రిటిషు ప్రభుత్వము 1966లో దానిని నిషేధించెను. మరుసటి యేడే బీటిల్సువారి 'సార్జెంట్ పెప్పర్' సంపుటము వెలువడెను. అందు 'లూసీ ఇన్ ది స్కై విత్ డైమండ్స్' అను పాట కలదు. ఆ పేరులోని ముఖ్యపదముల తొలి యక్షరములు కూర్పగా ఎల్, ఎస్, డి యైనవి. ఇంకేమి కావలయును?

అది తన కుమారుడు జూలియన్ బడిలో గీచి తెచ్చిన బొమ్మకు ఆ బాలుడే పెట్టిన పేరనియు, అందలి చిత్రములు లూయిస్ కారల్ వ్రాసిన 'ఆలిస్' కథలనుండి వచ్చినవనియు జాన్ లెన్నన్ చెప్పుచు వచ్చెను. సహగాయకుడు పాల్ మెకార్ట్నీ మాత్రము 2004లో ఆ పాటయందు మత్తు ప్రసక్తి స్పష్టమే యనెను. నాకు రెండు మాటలును నిజములే యని తోచుచున్నది. అక్షరములు యాదృచ్ఛికములు, ఆ పాట పుట్టిన గాలి మాత్రము మత్తుగాలియే.

లెన్నన్ ఈ అర్థాన్వేషకులను ఎగతాళియు చేసెను. అతడు చదివిన లివర్‌పూల్ పాఠశాలనుండి యొక విద్యార్థి, తరగతిలో మీ పాటలకు అర్థములు చెప్పించుచున్నారని వ్రాసెను. పండితులు తల బ్రద్దలు కొట్టుకొందురుగాక యని లెన్నన్ పొంతనలేని మాటలు కూర్చి 1967 నవంబరులో 'ఐ యామ్ ది వాల్రస్' వెలువరించెను. వాల్రస్ అను ఆ కోరల సముద్రజంతువును కారల్ పద్యములోనిదే. అది ఆల్చిప్పలను మాయమాటలతో పిలిచి మ్రింగిన దుష్టపాత్ర యని తాను గమనింపలేదని 1980లో లెన్నన్ తెలిపెను. కవియే ఎరుగని యర్థము పాటలో నుండగలదనుట కిది చక్కని దృష్టాంతము.

ఇంతవరకు వినోదము. 1968 నాటి వారి తెల్ల అట్ట సంపుటములో 'హెల్టర్ స్కెల్టర్' అను పాట కలదు. ఇంగ్లండు తిరునాళ్లలో పిల్లలు చాపపై కూర్చుండి గోపురము చుట్టు తిరుగుచు దిగివచ్చు జారుడుబల్లకు అది పేరు. ఏ పాటకు అర్థము చెప్పబూనినను ముందు కవి వీధిలో ఆ మాట కేమి యర్థమో విచారింపవలదా? అమెరికాలో చార్లెస్ మాన్సన్ అనునతడు మత్తునకు లోబడిన యువతీయువకులను చేరదీసి, తెల్లవారికిని నల్లవారికిని రానున్న యుద్ధమును ఈ పాటలు గూఢముగా సూచించుచున్నవని బోధించెనని న్యాయస్థానమున అభియోగపక్షమువారు వాదించిరి. 1969 ఆగస్టులో రెండు రాత్రులయందు ఏడుగురు హతులైరి. 1971లో మాన్సన్ దోషి యని తీర్పు వచ్చెను. హతుల యొక యింట రిఫ్రిజిరేటరు తలుపుపై ఆ జారుడుబల్ల పేరు నెత్తుటితో వ్రాయబడియుండెను; అందును అక్షరదోషము కలదు.