లైనక్స్ పెంగ్విన్ ప్లేస్‌లో పసుపు కొమ్ము.. బూట్ లోగో ఇలా మార్చుకోవచ్చు!

ఆర్మూర్: కొన్ని లైనక్స్ కంప్యూటర్లు ఆన్ చేయగానే నల్లటి స్క్రీన్‌పై ఎడమ మూలన చిన్న పెంగ్విన్ కనిపిస్తుంది. ప్రాసెసర్‌లో నాలుగు కోర్లుంటే నాలుగు పెంగ్విన్లు వరుస కడతాయి. దీని పేరు టక్స్. 1996లో లారీ ఎవింగ్ గీసిన బొమ్మ ఇది. మరి ఆర్మూర్ పసుపు వ్యాపారి ఒకరు తన దుకాణం కంప్యూటర్‌లో టక్స్ బదులు పసుపు కొమ్ము పెట్టుకోవాలనుకుంటే? పెట్టుకోవచ్చు. ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. కానీ వాల్‌పేపర్ మార్చినంత ఈజీ కాదు.

ఎందుకంటే..
ఈ బొమ్మ విడిగా ఉండే ఫైల్ కాదు. కెర్నల్ తయారయ్యేటప్పుడే అందులో కలిసిపోతుంది. అందుకే కెర్నల్‌ను మళ్లీ కంపైల్ చేయాల్సిందే.

ఎలా చేయాలి?
* జింప్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో 80×80 పిక్సెల్స్ సైజులో బొమ్మ గీయాలి. టక్స్ సైజు కూడా అదే.
* రంగులు 224కు మించకూడదు. మించితే కంపైలింగ్ ఆగిపోతుంది.
* పీపీఎం ఫార్మాట్‌లో, ఆస్కీ రకంగా సేవ్ చేయాలి.
* కెర్నల్ సోర్స్‌లో డ్రైవర్స్, వీడియో, లోగో ఫోల్డర్లు వరుసగా తెరిచి, 224 రంగుల టక్స్ ఫైల్ స్థానంలో అదే పేరుతో పెట్టాలి.
* సెట్టింగ్స్‌లో 'బూటప్ లోగో' ఆన్ చేసి కంపైల్ చేయాలి.
* బూట్ ఆప్షన్లలో 'క్వైట్' ఉంటే తీసేయాలి. లేదంటే లోగో కనిపించదు.

తెలుగులో పేరు రావాలంటే?
ఈ దశలో కన్సోల్ తెలుగు ఒత్తులు, గుణింతాలను సరిగా చూపలేదు. స్వేచ్ఛ సంస్థ తెలుగు మెనూలతో ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చినా, అవి కనిపించేది డెస్క్‌టాప్ వచ్చాకే. మొదటి స్క్రీన్‌పైనే దుకాణం పేరు తెలుగులో కనిపించాలంటే దాన్ని బొమ్మగా గీసి లోగోలో పెట్టడమే దారి.

టక్స్‌నే పక్కన పెట్టారు
2009 మార్చిలో వచ్చిన 2.6.29 వెర్షన్‌లో స్వయంగా లైనక్స్ డెవలపర్లే టక్స్‌ను తప్పించి 'టజ్' అనే టాస్మేనియన్ డెవిల్ బొమ్మ పెట్టారు. ముఖంపై క్యాన్సర్ కణితులతో చనిపోతున్న ఆ జంతువుల గురించి ప్రపంచానికి చెప్పడమే ఉద్దేశం. తర్వాతి వెర్షన్‌లో టక్స్ మళ్లీ వచ్చేసింది.

ఇవి మరిచిపోవద్దు
పాత కెర్నల్‌ను డిలీట్ చేయొద్దు. కొత్తది మొరాయిస్తే గ్రబ్ మెనూలో పాతదాన్ని ఎంచుకుని గట్టెక్కొచ్చు. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే, సంతకం లేని సొంత కెర్నల్ లేవదు. అన్నిటికంటే ముఖ్యం.. సీజన్‌లో పసుపు బిల్లులు కొట్టే కంప్యూటర్‌పై ఈ ప్రయోగం వద్దు. ముందు పాత కంప్యూటర్‌పై ట్రై చేయండి.