పలుచని రేకుకు అతుకు

చెరకు నరికే కాలంలో బోధను పరిసరాల రోడ్ల మీద ఎడ్లబండ్లు, ట్రాక్టర్లు, లారీలు బారులు తీరడం చాలాకాలం ఏటేటా కనిపించిన దృశ్యం. మంజీరా నది మీద 1923లో మొదలై 1931లో పూర్తి అయిన నిజాంసాగరు ఆ నేలకు నీరిచ్చినది. ఆ నీటితో పండిన చెరకును ఆడడానికి 1937లో బోధను దగ్గర శక్కర్‌నగరులో నిజాం షుగరు ఫ్యాక్టరీని స్థాపించారు. 2015 డిసెంబరులో అది మూతపడినది.

నీరు, చెరకు పెరిగిన కాలమే ఈ సీమలో మోటారు వాహనాలు పెరిగిన కాలం కూడా. నిజాం స్టేట్ రైల్వే 1932 జూనులో 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖను ప్రారంభించినది. ఆల్బియన్ కంపెనీ తయారు చేసిన ఆనాటి బస్సు ఒకటి హైదరాబాదులో నేటికీ భద్రంగా ఉన్నది. వాహనంతో పాటు దానిని బాగుచేసే షెడ్డు, షెడ్డుతో పాటు తుప్పు పట్టిన రేకును కోసి కొత్తది అతికే టింకరింగు పనివాడు వచ్చారు. ఆ అతుకు చూడడానికి చిన్న పని. కాని అది సవ్యంగా కుదరడానికి వెల్డింగు విద్యకు దాదాపు డెబ్బది సంవత్సరాలు పట్టినది.

ముందుగా శత్రువును తెలుసుకోవాలి. ఇనుము తుప్పు పట్టడానికి గాలిలోని ఆమ్లజని, నీరు రెండూ కావాలి. ఇది ఒక విద్యుత్ రసాయన చర్య అని 1903లో అమెరికా శాస్త్రజ్ఞుడు విల్లిస్ విట్నీ వివరించాడు. గాలి బాగా తగిలే చోటు కంటే గాలి అందని చోటనే ఇనుము త్వరగా కరిగిపోతుందని కేంబ్రిడ్జిలో యులిక్ ఇవాన్స్ 1920ల దశకంలో నిరూపించాడు. ఈ ప్రయోగం పాఠశాలలో కూడా చేయవచ్చు. శుభ్రం చేసిన ఇనుప రేకు మీద, కొద్దిగా ఫినాల్ఫ్తలీన్, పొటాషియం ఫెర్రిసయనైడు కలిపిన ఉప్పునీటి బొట్టును ఉంచాలి. కొంతసేపటికి బొట్టు నడుమ నీలి రంగు, అంచున గులాబి రంగు కనిపిస్తాయి. నీలి రంగు ఉన్న చోట ఇనుము కరుగుతున్నది. గాలి తక్కువగా చేరే చోటు అదే.

కారు చక్రం పైకప్పు లోపల, తలుపు అడుగున, గుమ్మపు పట్టీ సందులో పేరుకొన్న తడిమట్టి ఈ బొట్టు వంటిదే. కాలువ నీటి పొలాల మధ్య తిరిగే వాహనానికి ఆ మట్టి తప్పదు. చెరకు రసం కూడా స్వల్పంగా ఆమ్లగుణం కలది. రంగు పైకి చక్కగా కనిపిస్తూనే లోపలి రేకు జల్లెడ అవుతుంది.

ఇక్కడ ఒక విశేషం ఉన్నది. చక్కెర తయారీలో మిగిలే మొలాసిస్ అనే మడ్డిని ఒక పాలు తీసుకొని తొమ్మిది పాళ్ల నీటిలో కలిపి, తుప్పు పట్టిన ఇనుప భాగాన్ని రెండు మూడు వారాలు నానబెడితే తుప్పు ఊడి వస్తుంది. మడ్డిలోని సేంద్రియ పదార్థాలు తుప్పులోని ఇనుమును పట్టుకొని కరిగిస్తాయి. పాత కార్లను పునరుద్ధరించేవారికి ఇది తెలిసిన ఉపాయమే. అయితే ఇది తుప్పును తీయగలదు గాని, పోయిన ఇనుమును తిరిగి తేలేదు. అందుకు అతుకే శరణ్యం.

ఆ అతుకుకు అడ్డు వచ్చేది రేకు పలుచదనమే. ఫ్యాక్టరీ తొట్టెలకు, బాయిలర్లకు వాడే పలక అనేక మిల్లీమీటర్ల మందం ఉంటుంది. కారు రేకు చాలా భాగం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. ఉక్కు సుమారు 1,500 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరుగుతుంది. మందపు పలకలో వేడి నలుదిక్కులకు పారిపోతుంది. పలుచని రేకులో పారిపోవడానికి చోటు లేక రంధ్రం పడుతుంది. రంధ్రం పడకున్నా రేకు వంకర పోతుంది. అర మీటరు పొడవైన ఉక్కు పట్టీని 500 డిగ్రీలు వేడిచేస్తే అది సుమారు 3 మిల్లీమీటర్లు సాగుతుంది. చుట్టూ ఉన్న చల్లని రేకు దానిని సాగనివ్వదు. వేడికి మెత్తబడిన భాగం తనలోనే ఒత్తుకొని దళసరి అవుతుంది. చల్లారినప్పుడు కుంచించుకొని, మొదటి పొడవు కంటే పొట్టిదై, చుట్టూ ఉన్న రేకును లాగుతుంది. తలుపు మీద కనిపించే అలలు ఈ లాగుడు వలన వచ్చినవే.

మానవుడు మొదట సాధించినది వేడిని. దానిని అదుపు చేయడం తరువాత నేర్చుకొన్నాడు. రష్యాలో బెనార్డోస్ 1880ల దశకంలో కర్బన కడ్డీతో విద్యుత్ చాపాన్ని పుట్టించి లోహాన్ని అతికాడు. 1888లో స్లావ్యనోవ్ కర్బనానికి బదులు లోహపు కడ్డీనే వాడాడు. మందపు పలకలకు ఇది వరం. పలుచని రేకుకు గండం.

ఇంతలో మరొక దారి తెరుచుకొన్నది. 1892లో కెనడాకు చెందిన థామస్ విల్సన్ విద్యుత్ కొలిమిలో సున్నము, బొగ్గు కలిపి కాల్చి కాల్షియం కార్బైడును విరివిగా తయారుచేసే మార్గం కనుగొన్నాడు. కార్బైడుపై నీరు పోస్తే ఎసిటిలీన్ వాయువు వస్తుంది. ఒక కిలో శుద్ధ కార్బైడు దాదాపు 350 లీటర్ల వాయువునిస్తుంది. 1895లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లె షాటెలియే ఈ వాయువు ఆమ్లజనితో కలిసి మండితే అత్యధిక తాపం పుడుతుందని తెలిపాడు. ఆ జ్వాల 3,000 డిగ్రీలు దాటుతుంది. 1901 ప్రాంతంలో ఫ్రాన్సులో ఫూషే, పికార్ దానికి తగిన టార్చిని రూపొందించారు. భారతదేశంలో ఈ వాయువుల పరిశ్రమ కొరకు 1935లో కలకత్తాలో ఒక కంపెనీ ఏర్పడినది. చిన్న పట్టణాల షెడ్లలో కార్బైడు డబ్బా, ఆమ్లజని సిలిండరు, నీలికళ్ల అద్దాలు చాలాకాలం పనివాని ఆస్తి అయినవి.

గ్యాసు జ్వాలను చేతితో పెంచవచ్చు, తగ్గించవచ్చు. కాని అది వెడల్పైనది. రేకులో పెద్ద భాగాన్ని కాలుస్తుంది. నేర్పరి దానిని సుత్తితో, దిమ్మెతో తట్టి మళ్లీ చదును చేస్తాడు. ఈ తట్టుడులోనే పనివాని గొప్పతనం తెలిసేది.

పాత బస్సుల్లో భారమంతా కింది చట్రం మోసేది. రేకు కేవలం తొడుగు. తరువాత వచ్చిన కార్లలో రేకు శరీరమే చట్రమైనది. 1957 నుండి 2014 వరకు పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారాలో తయారైన అంబాసిడర్ అట్టిదే. ఇట్టి కారులో గుమ్మపు పట్టీ తుప్పు పడితే పోయేది అందము మాత్రమే కాదు, బలము. రంధ్రంపై పుట్టీ పూసి రంగు వేస్తే కంటికి కనిపించదు. ప్రమాదంలో మాత్రం ఆ పట్టీ నలిగి లోపల కూర్చున్నవారిని కాపాడలేదు. అందుచేత అతుకు మంచిచెడ్డలు ప్రాణానికి సంబంధించినవి.

వేడిని చిన్న చోట నిలిపే సాధనం 1948లో అమెరికాలో వచ్చినది. తుపాకి వంటి పిడి నుండి సన్నని తీగ తనంతట తాను బయటికి వస్తూ కరుగుతుంది. చుట్టూ వాయువు ప్రవహించి గాలిని దూరంగా ఉంచుతుంది. 1953లో సోవియట్ శాస్త్రజ్ఞులు ఖరీదైన వాయువులకు బదులు బొగ్గుపులుసు వాయువును వాడారు. ఆ దశాబ్దం చివర తీగను ఇంకా సన్నం చేసి, విద్యుత్తును తగ్గించారు. అప్పుడు తీగ కొన కరిగిన లోహాన్ని సెకనుకు అనేక పదులసార్లు తాకి విడుతూ చుక్కచుక్కగా దిగినది. తాకినప్పుడు చాపం ఆరుతుంది, విడినప్పుడు వెలుగుతుంది. ఆ ఆరిన క్షణాలే రేకుకు ఊపిరి.

యంత్రం మారినా పని సూత్రం మారలేదు. తుప్పును మెరిసే లోహం కనిపించే వరకు కోయాలి. అదే మందం గల రేకును అంచుకు అంచు ఆనేటట్లు కత్తిరించాలి; ఒకదానిపై ఒకటి ఎక్కిస్తే సందులో నీరు నిలిచి మళ్లీ తుప్పు పుడుతుంది. ముందు దూరదూరంగా చుక్కలు పెట్టాలి. ఒకటి ఈ చివర, తరువాతిది ఆ చివర. చేయి ఓర్వగలిగేంత చల్లారిన తరువాతనే నడుమ ఖాళీలు పూరించాలి. వెనుక వైపు మైనం పూయాలి. పెట్రోలు ట్యాంకు దగ్గర ఉంటే దానిని విప్పి దూరంగా పెట్టనిదే నిప్పు వెలిగించరాదు.

తొందరపడి ఒకే ఊపున గీత లాగినవాని రేకు వంకర పోతుంది. చుక్క పెట్టి, ఆగి, మరొక చోటికి పోయేవాని రేకు చదునుగా నిలుస్తుంది. పలుచని రేకును అతకడంలో ఆ ఆగడము కూడా పనిలో భాగమే.